ఫోటోలోని స్త్రీ ఎవరు?

ఒక పురుషుడు ఫోటో పట్టుకుని, అందులో ఉన్న స్త్రీని చూపిస్తూ అంటాడు: ‘ఈమె మా అమ్మకున్న ఒకే ఒక్క కూతురికి కూతురు.’ అయితే ఆ స్త్రీ అతనికి ఏమవుతుంది?

బ్యాంకు పరీక్షలకో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షలకో చదివినవాళ్ళకి ఈ తరహా ప్రశ్న కొత్తేమీ కాదు. రీజనింగ్ గైడ్లలో ‘బ్లడ్ రిలేషన్స్’ అనే అధ్యాయం నిండా ఇలాంటివే. వరసలు మారతాయి గాని దృశ్యం మాత్రం పెద్దగా మారదు. ఫోటో ఎక్కువసార్లు అతని చేతిలోనే ఉంటుంది. మాట్లాడేదీ అతనే. ఆమె ఫోటోలో ఉంటుంది. ఎవరికో ఒకరికి ఏదో ఒకటి ‘అవడం’ తప్ప ఆమెకి వేరే పని లేదు.

సాహిత్యం చదువుకున్న మనం కావ్యాలని, నవలల్ని, సినిమాలని ఈ కంటితో చదివాం. ఎవరు చూస్తున్నారు, ఎవరిని చూస్తున్నారు, మాట ఎవరిది అని అడిగాం. ఈ గైడ్లని మాత్రం ఒక పాఠంగా ఎప్పుడూ చదవలేదు. ఏ నవలాకారులకైనా అసూయ కలిగేటంతమంది పాఠకులు వీటికున్నారు. పెన్సిలు పట్టుకుని, ఒక్క మాట వదలకుండా, ఒకే పేజీని పదిసార్లు చదివే పాఠకులు.

నంద్యాల నిండా వాళ్ళే. బ్యాంకు కోచింగ్‌కి ఆ ఊరు పెట్టింది పేరు. రాయలసీమ నుంచే కాక కోస్తా నుంచి, తెలంగాణ నుంచి కూడా పిల్లలు వచ్చి హాస్టళ్ళలో, అద్దె గదుల్లో నెలల తరబడి ఉండి చదువుతారు. ఆళ్ళగడ్డ వైపు బంధువుల ఇళ్ళకి వెళ్ళినప్పుడల్లా నేను నంద్యాలలో ఆగి, అక్కడ చదువుతున్న అమ్మాయిలతో మాట్లాడుతూ, వాళ్ళ పుస్తకాలు తిరగేస్తూ వచ్చాను. ఆ పుస్తకాలు దేన్ని ‘తెలివి’ అంటున్నాయో చూడాలనేదే ఈ వ్యాసం.

స్టాఫ్ సెలక్షన్ కమిషన్ గ్రాడ్యుయేట్ స్థాయి పరీక్షలో ఈ విభాగానికి ‘జనరల్ ఇంటెలిజెన్స్ అండ్ రీజనింగ్’ అని పేరు. ఆ పేరులోనే వంశచరిత్ర ఉంది. శ్రేణిలో తర్వాతి సంఖ్య ఏది, నాలుగింటిలో పొసగనిది ఏది, పక్షికి గూడు ఎలాగో మనిషికి ఏది – ఇవన్నీ వందేళ్ళ కిందటి ప్రజ్ఞా పరీక్షల సంతానమే. అధిక ప్రజ్ఞాలబ్ధి కలవాళ్ళ సంఘాలు సభ్యుల్ని చేర్చుకోడానికి పెట్టే పరీక్షల్లోనూ ఈ జాతి ప్రశ్నలే ఉంటాయి. అక్కడ వాటిని పుట్టుకతో వచ్చిన ప్రతిభకి కొలబద్దలంటారు. నంద్యాలలో వాటినే కొన్ని నెలల్లో నేర్పిస్తారు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం కావడం కష్టం.

మొదటి ప్రశ్నకి వద్దాం. గైడు జవాబు ‘మేనకోడలు’. ఆళ్ళగడ్డ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒకమ్మాయి ఇది చూసి నవ్వింది. ‘మేనకోడలే మేడం. మా ఊర్లో అయితే పెండ్లాం గూడా అయితాది గదా’ అంది. వాళ్ళమ్మని చేసుకున్నది వాళ్ళ అమ్మమ్మకి సొంత తమ్ముడు. అంటే వాళ్ళ నాన్న తన పెళ్ళి ఫోటో చూపించి ఆ వాక్యం అక్షరం మార్చకుండా అనొచ్చు. అక్క కూతుర్ని చేసుకోవడం రాయలసీమలో వింత కాదు. ఆచారం ఉన్నచోట 1955 హిందూ వివాహ చట్టం కూడా ఇలాంటి పెళ్ళిళ్ళకి చోటిచ్చింది. మరి నాలుగు జవాబుల్లో ‘మేనకోడలు’, ‘భార్య’ రెండూ ఉంటే ఆ అమ్మాయి దేనికి టిక్కు పెట్టాలి? తనే చెప్పింది: ‘వాళ్ళింట్లో ఉండేట్ల ఆలోచించల్ల మేడం, మనింట్లో ఉండేట్ల కాదు.’

ఈ పరీక్షల గురించి ఇంత మంచి విమర్శా వాక్యం నేనింకెక్కడా చదవలేదు. తర్కానికి ఇల్లూ వాకిలీ ఉండవని, అది అందరికీ ఒకటేనని కదా మనకి చెప్పేది! కాని ఈ ప్రశ్న వెనక ఒక ఇల్లుంది. ఆ ఇంట్లో మేనమామ, మొగుడు ఎప్పుడూ వేరువేరు మనుషులు. ఇంగ్లీషు ప్రశ్నపత్రంలో ‘కజిన్’ ఒకటే మాట. చిన్నాన్న కూతురూ కజినే, మేనమామ కూతురూ కజినే. మన ఇళ్ళలో ఒకామె చెల్లెలు, రెండో ఆమె మరదలు. ఒకరితో పెళ్ళి ఊసే తప్పు, మరొకరితో పెళ్ళి ఉయ్యాలలో ఉన్నప్పుడే అనుకుంటారు. లోకంలోని బంధుత్వ పద్ధతులన్నిటినీ పోలుస్తూ అమెరికన్ పండితుడు లూయీ హెన్రీ మోర్గాన్ 1871లో అచ్చువేసిన గ్రంథంలో తమిళ, తెలుగు వరసలకు చోటిచ్చాడు. అంత నియమబద్ధమైన వ్యవస్థ ఇది. పెళ్ళింట్లో అడుగుపెట్టిన ముప్ఫై మంది కొత్తవాళ్ళలో ఎవరిని ఏ వరస పెట్టి పిలవాలో బడి మొహం చూడని పెద్దమ్మలు క్షణంలో తేలుస్తారు. ఆ రీజనింగ్‌కి ఎక్కడా మార్కుల్లేవు.

అలాగని మురిసిపోయే పనీ లేదు. ఆడపిల్లలకి వరసలు అంత బాగా రావడానికి కారణం, ఆ వరసల మీదే వాళ్ళ బతుకు తేలిపోవడం. వాళ్ళకది కాలక్షేపం లెక్క కాదు. తప్పు పిలిస్తే మాట పడేది వాళ్ళే. తెలివి ఎక్కడ పెరుగుతుందో చూడాలంటే అవసరం ఎక్కడుందో, భయం ఎక్కడుందో కూడా చూడాలి.

పక్క అధ్యాయాలకి వెళ్తే ఇలాంటివే ఇంకా కనిపిస్తాయి. కాలం – పని లెక్కల్లో ‘ముగ్గురు పురుషులు చేసే పనిని అయిదుగురు స్త్రీలు చేస్తే’ అనే ధోరణి పాతదే. అక్కడ స్త్రీ శ్రమ చాలాసార్లు పురుషుడి శ్రమలో ఒక భిన్నం. నంద్యాల చుట్టుపక్కల పొలాల్లో వరి నాట్లు వేసేదీ పత్తి తీసేదీ ఎక్కువగా ఆడవాళ్ళే. పత్తి తీతలో మగవాడు స్త్రీలో ఎన్నోవంతు అని అడిగిన లెక్క నా కంటబడలేదు. గుండ్రటి బల్ల లెక్కలో ఎనిమిదిమంది కేంద్రం వైపు మొహం పెట్టి కూర్చుంటారు. ఎవరి పక్కన ఎవరున్నారో చెప్పాలి. వాళ్ళు భోజనానికే కూర్చుంటే వడ్డించేది ఎవరు, ఆమె ఎటు మొహం పెట్టి నిలబడిందని ఎవరూ అడగరు.

ఇవన్నీ చిన్న విషయాలనిపించొచ్చు. కాని ఈ పరీక్షల పూర్వ చరిత్రలోకి వెళ్తే, ప్రశ్న ఎవరు రాశారు, ఎవర్ని ఊహించుకుని రాశారు అనేది ఎంత పెద్ద విషయమో తెలుస్తుంది. 1905లో పారిస్‌లో ఆల్ఫ్రెడ్ బినే, థియొడోర్ సిమోన్ మొదటి పరీక్షని తయారుచేసింది బడిలో ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో తెలుసుకోడానికి. తెలివి పెరగదు, మారదు అనేవాళ్ళతో బినే గట్టిగా విభేదించాడు. ఆయన 1911లో చనిపోయాడు. 1912లో జర్మన్ మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ మానసిక వయసుని అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ లూయీ టెర్మన్ దాన్ని వందతో గుణించి ప్రచారంలోకి తెచ్చాడు. మన బి.ఎడ్., డి.ఎస్సీ. అభ్యర్థులు ప్రజ్ఞాలబ్ధి సూత్రమని బట్టీపట్టేది దీన్నే. సాయం కోసం పుట్టిన కొలత పదేళ్ళు తిరక్కుండా మనుషుల్ని అంతస్తులుగా విడదీసే కొలతైంది.

ఆ కొలత స్త్రీల శరీరాల మీదికి రావడానికీ ఎంతోకాలం పట్టలేదు. వర్జీనియాలో కేరీ బక్ అనే పేదింటి అమ్మాయి, తనని పెంచుకుంటున్న ఇంటివాళ్ళ బంధువు అత్యాచారం చేస్తే గర్భవతి అయింది. ఆమెని ‘మందబుద్ధి’ అని ముద్ర వేసి ఆశ్రమానికి పంపారు. ఆమె తల్లికీ అదే ముద్ర, ఏడాది కూడా నిండని ఆమె పసిబిడ్డకీ అదే ముద్ర. 1927లో అమెరికా సుప్రీంకోర్టు ఆమెకి బలవంతంగా గర్భనిరోధక ఆపరేషన్ చెయ్యడం చట్టబద్ధమేనంది. ఆ దేశంలో అలాంటి చట్టాల కింద 60,000 మందికి పైగా మనుషులకి ఆపరేషన్లు జరిగాయి. కేరీ కూతురు వివియన్ బడిలో మంచి మార్కులతో గౌరవ జాబితాలోకెక్కింది. ఎనిమిదేళ్ళ వయసులో జబ్బుచేసి చనిపోయింది. అత్యాచారం చేసినవాడి తెలివిని ఎవరూ కొలవలేదు.

ఇంకొక ఘట్టం అంత భయంకరమైంది కాదు గాని, మన చర్చకి చాలా ముఖ్యం. 1937లో టెర్మన్, మాడ్ మెరిల్ కలిసి తమ పరీక్షని సవరించినప్పుడు ఆడపిల్లలకీ మగపిల్లలకీ మధ్య బాగా తేడా చూపిస్తున్న ప్రశ్నల్ని తీసేశారు. అందుకే రెండు వర్గాల సగటూ దాదాపు సమానంగా వస్తుంది. మంచి పనే. కాని దాని అర్థం చూడండి. స్త్రీ పురుషుల తెలివి సమానమని ఆ పరీక్ష కనిపెట్టలేదు. ఆ సమానత్వాన్ని పరీక్ష రాసినవాళ్ళే అందులో కూర్చారు. పేదల విషయంలో, పల్లె పిల్లల విషయంలో, నల్లజాతి పిల్లల విషయంలో అదే పని చేసుండొచ్చు. చెయ్యలేదు. ఏ తేడాని లోపంగా చూసి సరిదిద్దాలో, ఏ తేడాని సహజమని వదిలెయ్యాలో నిర్ణయించింది మనుషులు.

మన దేశంలో చదువు రానివాళ్ళకి కూడా పనికొచ్చేలా సి.ఎం. భాటియా 1955లో నిష్పాదన పరీక్షలు తయారుచేశాడు. రంగు దిమ్మలు పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం లాంటివి. బి.ఎడ్. పుస్తకాల్లో భాటియా పేరు తప్పక ఉంటుంది. ఆయన ఆ పరీక్షలకి ప్రమాణాలు కట్టింది 11 నుంచి 16 ఏళ్ళ మగపిల్లల మీద. చదువు రానివాళ్ళ గురించి ఆలోచించినచోట కూడా చదువు రాని ఆడపిల్ల గుర్తుకు రాలేదు.

ఇక సంఘాల సంగతి. 1946లో ఆక్స్‌ఫర్డ్‌లో రోలండ్ బెరిల్, లాన్స్‌లాట్ వేర్ మొదలుపెట్టిన మెన్సా వీటిలో పెద్దది. నూటికి ఇద్దరికి మాత్రమే అందే మార్కు తెచ్చుకున్నవాళ్ళని చేర్చుకుంటుంది. ఆ పైన వెయ్యికి ఒక్కరిని చేర్చుకునే ట్రిపుల్ నైన్ సొసైటీ 1978లోనూ, పదిలక్షలకి ఒక్కరినంటూ మెగా సొసైటీ 1982లోనూ వచ్చాయి. విదేశాల్లో ఉన్న మన పిల్లలకి మెన్సా పరీక్షలో 162 వచ్చిందని, ఐన్‌స్టీన్‌ని మించిపోయారని వార్తలొస్తుంటాయి. ఐన్‌స్టీన్ అలాంటి పరీక్ష రాసినట్టు ఆధారమే లేదు. పైగా కాటెల్ పరీక్షలో 148, వెక్స్‌లర్ కొలతలో సుమారు 130 – రెండూ నూటికి ఇద్దరిలో ఉన్నారనే చెబుతాయి. కొలబద్ద మారితే అంకె మారుతుంది. ఆ అంకెకి సొంతంగా బరువు లేదు. పదిమందిలో మీ వరస ఎన్నోదో మాత్రమే అది చెబుతుంది. వరస ఉండాలంటే కింద ఎవరో ఉండి తీరాలి. పంక్తి భోజనాల్లో ఎవరెక్కడ కూర్చోవాలో, ఎవరు అసలు కూర్చోకూడదో తరతరాలుగా నిర్ణయించిన సమాజంలో పుట్టినవాళ్ళకి ఈ సుఖం కొత్తేమీ కాదు.

ఆ వరసలో అందరికంటే పైన నిలబడ్డా ఒక స్త్రీకి ఏం దక్కిందో మెరిలిన్ వాస్ సావంత్ కథ చెబుతుంది. అత్యధిక ప్రజ్ఞాలబ్ధి గల వ్యక్తిగా 1980లలో గిన్నిస్ పుస్తకం ఆమె పేరు ప్రకటించింది. 1990లో ఆ రికార్డు విభాగాన్నే ఎత్తేసింది. అదే ఏడాది మూడు తలుపుల పజిల్‌కి ఆమె తన పత్రికా శీర్షికలో జవాబు రాస్తే సుమారు పదివేల ఉత్తరాలొచ్చాయి. వాటిలో వెయ్యిదాకా డాక్టరేట్లున్నవాళ్ళు రాసినవి. ఎక్కువమంది ఆమెది తప్పన్నారు. ఆడవాళ్ళు లెక్కల్ని వేరేగా చూస్తారేమోనని ఎగతాళి చేసినవాళ్ళూ ఉన్నారు. ఆమె జవాబే సరైనది. లోకంలోకెల్లా తెలివైనదని ముద్ర వేసిన కొలత కూడా ఆమె మాటని నమ్మించలేకపోయింది. సెమినార్లలో పేపరు చదివి కూర్చున్నాక, అదే మాట పక్కనున్న మగ ప్రొఫెసర్ అంటే తలలూపడం చూసిన మనకి ఇది అర్థంకాని సంగతి కాదు.

ఈ పరీక్షలు ఏమీ కొలవవని నేననడం లేదు. బడిలో ఎలా రాణిస్తారో కొంతవరకు చెప్పగలవు. సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడంలో ఇప్పటికీ ఉపయోగపడతాయి. కాని అవి కొలిచేది పుట్టుకతో వచ్చిన ఒక గుణాన్నైతే అది ఇంతగా మారకూడదు. జేమ్స్ ఫ్లిన్ 1984లో చూపించినదాని ప్రకారం 1932 నుంచి 1978 వరకు అమెరికాలో సగటు సుమారు 14 పాయింట్లు పెరిగింది. అంత తక్కువ కాలంలో మనుషుల పుట్టుక మారలేదు. బడి, తిండి, కుటుంబాల పరిమాణం, పనుల తీరు మారాయి. మన ఈశాన్య రాష్ట్రాల్లో చేసి 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇంకా సూటిగా ఉంది. ఆస్తి మగవాళ్ళకి పోయే కర్బీల్లో ముక్కల పజిల్‌ని మగవాళ్ళు ఆడవాళ్ళకంటే త్వరగా పేర్చారు. ఆస్తి కూతురికి దక్కే ఖాసీల్లో ఆ తేడా కనిపించలేదు. స్థలాన్ని, ఆకారాన్ని ఊహించడంలో మగబుర్రే మేలనే వాదానికి ఇంతకంటే ఏం జవాబు కావాలి?

ఆకారం అన్నాక ఆళ్ళగడ్డ గుర్తుకురాక తప్పదు. అక్కడి శిల్పుల కుటుంబాలు తరతరాలుగా రాతి విగ్రహాలు చెక్కుతున్నాయి. ముఖం పొడవుని బట్టి మొత్తం విగ్రహం కొలతలు కట్టే తాళమానం ఆ విద్యకి ఆధారం. నాలుగు పక్కలనుంచీ రూపాన్ని మనసులో తిప్పి చూడగలిగితే తప్ప రాతిమీద ఉలి పెట్టలేరు. ప్రశ్నపత్రంలో ‘ఈ ఘనాన్ని తిప్పితే ఏ ముఖం కనిపిస్తుంది’ అని అడిగేది ఆ శక్తినే. అయితే ఆ శిల్పిని మేధావి అని ఎవరూ అనరు, పనివాడంటారు. ఇంతకీ ఆ పనితనం కూడా ఎక్కువగా తండ్రి నుంచి కొడుక్కే అందుతుంది. కులం ఎవరి తెలివిని ‘చేతిపని’ అంటుందో, ఇల్లు ఎవరి చేతికి ఉలి ఇవ్వదో – రెండూ కలిపి చూడకపోతే మన విమర్శ సగమే.

మళ్ళీ నంద్యాల హాస్టలుకొద్దాం. ప్రొబేషనరీ ఆఫీసర్ల ప్రాథమిక పరీక్షలో రీజనింగ్‌కి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. ప్రశ్నకి 34 సెకన్లు. మరికొంచెం సేపు ఆలోచిస్తే సరైన జవాబు చెప్పగల అమ్మాయికీ అసలు చెప్పలేని అమ్మాయికీ ఆ పరీక్ష దృష్టిలో తేడా లేదు. ఆ వేగం సాధనతో వస్తుంది. సాధనకి నెలలు కావాలి. ఆ నెలలు ఎవరికి దొరుకుతాయి? ‘మా అన్నకి మూడేండ్లు ఇచ్చినారు మేడం. నాకు ఒక్క సంవత్సరం. రాకుంటే పెండ్లి’ అంది ఒకమ్మాయి. ఇంకొకమ్మాయి అమ్మకి బాగాలేదని మధ్యలో రెండు నెలలు ఇంటికెళ్ళి వండిపెట్టి వచ్చింది. మాక్ టెస్టులో తనకి తక్కువ వచ్చిందని చూపిస్తూ, ‘నేను మొద్దునిలే మేడం, నాకంత తెలివి లేదు’ అంది. నిజానికి ఆ కాగితం మీద ఉన్నది ఆ రెండు నెలల వంట. దాన్ని తన బుర్ర తూకంగా చదువుకోవడం ఆమెకి ఈ వ్యవస్థ నేర్పిన పాఠం.

భాష సంగతీ అంతే. క్లర్కు పరీక్షలు ఇంగ్లీషు, హిందీలతో పాటు తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో పెట్టాలని కేంద్ర ఆర్థిక శాఖ సిఫారసు చేసింది 2021లో. అంతకు ముందు తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లీషు అర్థంకాక పోగొట్టుకున్న మార్కులన్నీ రీజనింగ్ మార్కుల కిందే జమయ్యాయి.

అయితే ఈ పరీక్షల్ని ఎత్తెయ్యమందామా? నేను ఆ మాట అనలేను. క్లర్కు ఉద్యోగానికి ఇప్పుడు ఇంటర్వ్యూ లేదు. ఇంటిపేరు అడిగి కులం పసిగట్టే బల్ల లేదు. పెళ్ళయిందా, పిల్లల్ని ఎప్పుడు కంటారని అడిగే మగపెద్దలు లేరు. కంప్యూటరుకి దళిత అమ్మాయి ఎవరో, ముస్లిం అమ్మాయి ఎవరో తెలియదు. ఎవరి సిఫారసూ లేని ఇంట్లోంచి వచ్చిన ఆడపిల్లకి సొంత జీతం, సొంత సంతకం ఇచ్చే దారుల్లో ఇదొకటి. ఆ దారిని తక్కువ చేసి మాట్లాడే హక్కు, యూనివర్సిటీ గదుల్లో కూర్చున్న మనకి లేదు. ఉద్యోగాలు కొన్నే ఉన్నప్పుడు వడపోతకి ఏదో ఒక జల్లెడ కావాలి. దాన్ని జల్లెడ అనే పిలుద్దాం, ప్రజ్ఞ అని పిలవొద్దు. జల్లెడలోంచి జారినవాళ్ళు తక్కువ మనుషులు కారు. పైన నిలిచినవాళ్ళు వేరే జాతీ కారు.

మనం చెయ్యగల పనులు కొన్ని కనిపిస్తున్నాయి. కథల్లో స్త్రీ పాత్రల్ని చదివినంత నిశితంగా ఈ ప్రశ్నపత్రాల్ని చదివి, వాటి మీద రాయాలి. బి.ఎడ్. సిలబస్‌లో ప్రజ్ఞాలబ్ధి సూత్రం పక్కన కేరీ బక్ కథా ఉండాలని అడగాలి. ప్రశ్నలు తయారుచేసేవాళ్ళలో పల్లె స్త్రీల ఇళ్ళు తెలిసినవాళ్ళుండాలని అడగాలి. అన్నిటికంటే ముందు, ఆడపిల్లకి అన్నతో సమానంగా మూడేళ్ళు ఇమ్మని ఇళ్ళలో కొట్లాడాలి. ‘నేను మొద్దుని’ అన్న అమ్మాయి ఆ మాట అంటూనే నాలుగు వైపుల నుంచీ తన రోజుని లెక్కగట్టి చెప్పింది: నీళ్ళెప్పుడొస్తాయి, మెస్సులో ఎప్పుడు తినాలి, ఫోన్లో అమ్మకి మందులెప్పుడు గుర్తుచెయ్యాలి, మిగిలిన గంటల్లో ఏ అధ్యాయం ముందు చదవాలి. చేతిరాతతో ఆ టైంటేబుల్ గోడకి అంటించుంది. దాని కింద పరీక్ష తేదీ, ఇంకో రంగు పెన్నుతో పెళ్ళిచూపుల తేదీ.